మూడు మెట్లు ఒక మెట్టయింది, గోడకు నెమ్ము ఎక్కింది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు, డెబ్బై ఏళ్లు దాటింది. ఒకటిన్నర అడుగుల మందం ఇటుక గోడలు, గానుగ సున్నంతో కట్టినవి. పన్నెండేళ్ల కిందట పాత సున్నం పూత అంతా చెక్కించి లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత కింద నుంచి నెమ్ము ఎక్కడం మొదలైంది. రెండుసార్లు పెచ్చులు కొట్టించి, మళ్లీ పూయించి, పుట్టీ పెట్టి రంగులు వేయించాం. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే. ఇప్పుడు హాల్లో, అమ్మ పడుకునే గదిలో నాలుగడుగుల ఎత్తు దాకా రంగు బుడగలు కట్టి, తెల్లగా ఉప్పు రాలుతోంది. మేస్త్రీ నాలుగున్నర అడుగుల ఎత్తు టైల్స్ వేసేద్దాం అంటున్నాడు. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు లోపలి వైపు కెమికల్ కోటింగ్ కొడితే పదేళ్ల గ్యారంటీ అన్నారు. మాఘంలో అమ్మాయి పెళ్లి. ఒకప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవాళ్లం, రోడ్లు పడి పడి ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది, ఇంటి అందమే పోయింది, కనీసం గోడలైనా బాగుండాలని మా తాపత్రయం. టైల్సా, కెమికలా?

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తానండి, రెండూ వద్దు. ఇద్దరిలో ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే పని మొదలుపెట్టకుండా ఆపించండి. మీ ఉత్తరంలో అసలు సంగతి మీరే రాశారు, కాకపోతే అందం పోయిందన్న బాధలో రాశారు కాబట్టి మీకు అది గోడ సంగతి అనిపించలేదు. మూడు మెట్లు ఒక మెట్టయింది అన్నారు చూడండి, అదే మీ గోడ జబ్బు. మెట్టు ఆరేడు అంగుళాలు వేసుకున్నా, రెండు మెట్లు మునిగాయంటే వీధి అడుగుకు పైగా పైకి లేచినట్టు. వీధి లేచాక ఇంటి చుట్టూ మీరు కూడా మట్టి పోయించి, సిమెంటు గచ్చు చేయించే ఉంటారు, లేకపోతే వాన నీళ్లు ఇంటి వైపుకే వస్తాయి కదా. అంటే మీ తాతగారు నేలకు పైన గాలికి వదిలిన పునాది ఇవాళ మట్టిలో ఉంది. అప్పట్లో పునాదిలో ఆరిపోయే తడి ఇప్పుడు మీ హాల్లో ఆరుతోంది.

ఇది ఎలా జరుగుతుందో ఒక్కసారి కళ్లారా చూస్తే మీకు మేస్త్రీతో మాట్లాడటం తేలికవుతుంది. ఒక పొడి ఇటుకను పళ్లెంలో నిలబెట్టి అంగుళం ఎత్తు నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే తడి ఇటుక మెడ దాకా ఎక్కి ఉంటుంది. ఎవరూ పోయలేదు, ఎవరూ తోడలేదు, ఇటుకలో కంటికి కనబడని సన్నటి దారాల్లాంటి రంధ్రాలుంటాయి, దీపం వత్తి నూనెను పీల్చినట్టు నీళ్లను అవే పైకి లాక్కుంటాయి. గోడ కూడా అంతే. తడి పైకి ఎక్కుతూ ఉంటుంది, గోడ ముఖం మీద నుంచి ఆరుతూ ఉంటుంది, ఈ రెండూ సరితూగిన చోట ఆగిపోతుంది. మామూలుగా అది మూడడుగులు, మహా అయితే నాలుగు. గోడను ఆరనివ్వకపోతే ఇంకా పైకి పోతుంది.

మీ తాతగారి కాలంలో గోడలో డీపీసీ అనే తడి అడ్డు పొర వేయడం పల్లెల్లో అందరూ చేసిన పని కాదు. కొందరు కడప రాయి పలకలు పరిచేవారు, కొందరు ఏమీ వేసేవారు కాదు. కానీ వాళ్లకు నేల సంగతి తెలుసు. కోనసీమలో గునపం దించితే నీళ్లు తగులుతాయి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఏడాదిలో ఎక్కువ నెలలు కాలువలు పారే నేల ఇది. అందుకే పునాది ఎత్తుగా లేపి, ముందు అరుగు కట్టి, చూరు బాగా ముందుకు దించి, పైన సున్నం పూసి వదిలేశారు. గానుగ సున్నం మెత్తనిది, గాలి ఆడేది. తడి ఎక్కినా కింది రెండడుగుల్లోనే ఆరిపోయేది. ఏటా సంక్రాంతికో పెళ్లికో సున్నాలు వేయించేవారు కదా, ఆ పొరలో చేరిన ఉప్పు పొరతోపాటే రాలిపోయేది, కొత్త పొర వచ్చేది. గోడ మాత్రం లోపల పదిలంగా ఉండేది.

మీరు పన్నెండేళ్ల కిందట చేయించింది తప్పని నిందించడం లేదండి, ఆ రోజుల్లో ఊరూరా అందరూ అదే చేయించారు. మా అమ్మగారింట్లో, తణుకు వైపు, నేను దగ్గరుండి చేయించిన పని కూడా అదే. సిమెంటు ప్లాస్టరింగ్ ఉబ్బితే దాని మీద నాలుగడుగుల ఎత్తు టైల్స్ వేయించాను. మొదటి వానాకాలం అద్దంలా ఉంది. రెండో వానాకాలం దాటేసరికి టైల్స్ పైన, ఐదున్నర అడుగుల దగ్గర తడి మరక బయటికి వచ్చింది. అదైనా సర్దుకునేదాన్ని, ఒకరోజు ఇల్లు కడుగుతూ గుమ్మం దగ్గర ద్వారబంధం కాలు మీద చెయ్యి వేస్తే వేలు లోపలికి దిగిపోయింది. టేకు ద్వారబంధం అది, మా నాన్న కావాలని తెప్పించుకున్నది. పైన రంగు తప్ప లోపల చెక్క లేదు, తడీ చెదలూ కలిసి తినేశాయి. టైల్స్ వెనక దారి మూసుకుపోయిన నీళ్లు ఎటు పోతాయి, పైకి పోయాయి, పక్కకు చెక్కలోకి పోయాయి. అప్పటి నుంచి పాత ఇళ్ల గోడల పని ఎక్కడ జరుగుతున్నా వెళ్లి కూర్చుని చూడటం అలవాటు చేసుకున్నాను. మీ మేస్త్రీ చెప్పిన నాలుగున్నర అడుగులు వేయించుకుంటే మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుందని నా నమ్మకం.

కెమికల్ కోటింగ్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే టైల్ బదులు డబ్బాలో ఉంటుంది. లోపలి ముఖం మీద పూసిన ఏ పొరా కింది నుంచి వచ్చే నీటిని ఆపదు, మీ కళ్లకు కనబడకుండా దాస్తుంది. పదేళ్ల గ్యారంటీ అన్నారు కదా, గ్యారంటీ దేనికి అని కాగితం మీద రాయమనండి. పొర ఊడకపోవడానికా, గోడ ఆరడానికా? పైనున్న గోడకు తడి వస్తే ఎవరు బాధ్యత? ఈ మాట అడగ్గానే చాలామంది కాగితం తీయరు.

అయితే ఇంత ధీమాగా చెబుతున్నా, కింది నుంచి ఎక్కే చెమ్మే అని మీరు ఖాయం చేసుకోవాలి. ఉత్తరం చదివి నేను చెప్పగలిగింది తొంభై పాళ్లు, మిగతా పది పాళ్లు మీ ఇంట్లో చూసుకోవాల్సినవి. పైకప్పు నుంచి కారే తడి పై నుంచి కిందికి చారలుగా దిగుతుంది, వాన పడిన రెండు మూడు రోజుల్లో కనబడుతుంది. పైపు లీకైతే ఒకేచోట మచ్చలా పెరుగుతుంది, వానలతో పని లేకుండా ఎండాకాలంలోనూ ఉంటుంది. గోడకు అటువైపు బాత్‌రూమ్ గానీ, నీళ్ల గాబు గానీ, సెప్టిక్ ట్యాంక్ గానీ ఉందేమో చూడండి. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, పై ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, పొద్దున్నే దిగిందేమో చూస్తే పైపు సంగతి తేలిపోతుంది. కింది నుంచి ఎక్కే నెమ్ము అలా కాదు, గోడ పొడుగునా దాదాపు ఒకే ఎత్తులో, కొంచెం వంకరగా, ఏటి ఒడ్డున నీటి గీతలాగా ఉంటుంది. ఆ గీత దగ్గరే ఉప్పు ఎక్కువ.

గాలిలోని తేమ గోడ మీద పేరుకుంటోందా, గోడలోంచే వస్తోందా అని అనుమానమైతే, అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో బిగించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే గోడ వైపు తడి ఉంటే గోడలోంచి వచ్చినట్టు, గది వైపు తడి ఉంటే గాలిలోది. ఇంకో పరీక్ష మీ డెల్టా వాళ్లకు మాత్రమే ఉన్న సౌకర్యం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. కట్టేసిన నెలా నెలన్నరకు గోడ మీది గీత కిందికి దిగితే, మళ్లీ నీళ్లు వదిలి సార్వా, దాళ్వా వరి పంటలు సాగుతున్నప్పుడు పైకి లేస్తే, మీ గోడ తడి నేలలోని నీటితోనే ముడిపడి ఉందని అర్థం. ఇవాళే పెన్సిల్‌తో ఆ గీత మీద ఒక గీత గీసి పక్కన తేదీ వేయండి. ఖర్చు లేని పని, కానీ తర్వాత మీరు చేయించే ప్రతి పని ఫలించిందా లేదా చెప్పేది ఆ గీతే. అరచేయి ఆనించి చల్లగా ఉంది, వెచ్చగా ఉంది అనుకుంటూ ఉంటే ఏదీ తేలదు. చేతిలో పట్టుకునే తేమ మీటర్లు తెచ్చి చూపిస్తారు కొందరు, ఉప్పు పట్టిన గోడ మీద వాటి అంకె నమ్మొద్దు, గోడ ఆరినా ఉప్పు వల్ల ఎక్కువే చూపిస్తాయి.

తర్వాత అమ్మగారి గదిలో ఒక మూల, అడుగు చదరం మేర ప్లాస్టరింగ్ కొట్టించి చూడండి. మీరే నిలబడి చూడండి. పెచ్చు ఊడి చేతికి వచ్చాక దాని వెనక వైపు తిప్పండి, నల్లగా చెమర్చి ఉంటుంది, మీద దూదిపింజల్లాగా, సన్నటి తెల్లటి వెంట్రుకల్లాగా ఉప్పు మొలిచి ఉంటుంది. ఇటుక ముఖం మీద బొటనవేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతుంది, కొన్ని ఇటుకలు అంగుళం లోతు దాకా అలా పిండై ఉంటాయి. నీళ్లు ఇటుకను అలా చేయవు. నీళ్లు ఆవిరైపోతాయి, వాటితో వచ్చిన ఉప్పు మాత్రం ఆ ముఖం కింద గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు పెరుగుతుంది, ఇటుకను లోపలి నుంచి తోసేస్తుంది. సిమెంటు పొర గట్టిది కాబట్టి అది ఉబ్బేదాకా మీకు తెలియదు, ఈలోపు వెనకున్న మెత్తటి ఇటుక బలైపోతుంది. సున్నం పొర అయితే ముందు తానే రాలిపోతుంది, ఇటుకను కాపాడుతుంది. పాత గోడలకు సున్నమే ఎందుకు అని మీ మేస్త్రీ అడిగితే ఆ పెచ్చు వెనక వైపు చూపించండి, అంతకంటే చెప్పక్కర్లేదు.

గోడకు ఆనుకుని ఒకప్పుడు పశువుల పాక ఉండేదా? ఉంటే ఆ గోడకు ఉప్పు మరీ ఎక్కువ ఉంటుంది. పశువుల మూత్రం ఇంకిన మట్టిలో తయారయ్యేది ఒక రకం సురేకారం, అది గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. వాన పడకపోయినా ముసురు రోజున ఆ గోడ చెమటలు పట్టినట్టు ఉంటుంది. దానికి విడిగా ఓపిక పట్టాలి.

ఇప్పుడు పని సంగతి. లోపలి కన్నా ముందు బయట. ఇది అందరూ తిరగేసి చేస్తారు, లోపల కనబడుతుంది కాబట్టి లోపల మొదలుపెడతారు. మీరు ముందు ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. గోడకు ఆనించి మందారాలో నందివర్ధనాలో పెంచి రోజూ నీళ్లు పోస్తుంటే వాటిని మూడు నాలుగడుగుల దూరం జరపండి. చూరు నీళ్లు సిమెంటు గచ్చు మీద పడి చిమ్మి గోడకు తగులుతున్నాయేమో వాన వచ్చినప్పుడు గొడుగు వేసుకుని నిలబడి చూడండి, అడుగు, అడుగున్నర దాకా చిమ్ముతాయి. చూరుకి నీళ్ల గొట్టం కట్టించి దూరంగా దింపండి. గిన్నెలు కడిగే నీళ్లు, బట్టలుతికే నీళ్లు గోడ వారగా పోతుంటే దారి మళ్లించండి. కొన్ని ఇళ్లలో ఈ మూడు పనులతోనే గీత కొంత దిగుతుంది.

తర్వాత ఆ గచ్చు. గోడ నుంచి ఒకటిన్నర అడుగు వెడల్పున సిమెంటు గచ్చు పగలగొట్టించి, మట్టి తీయించి, పునాది మళ్లీ గాలికి కనబడేలా చేయాలి. మీ హాలు గచ్చు మట్టం కంటే బయటి నేల కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి, అడుగు ఉంటే మరీ మంచిది. వీధి వైపు రోడ్డును మీరు దించలేరు, అక్కడ గోడకీ రోడ్డుకీ మధ్య ఒక కందకం తవ్వించి నలభై మిల్లీమీటర్ల కంకర నింపించండి, మట్టి, సిమెంటు వద్దు. ఈ పని చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, పునాది అట్టడుగు మట్టం కంటే లోతుకి ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు, గోడ పొడుగునా ఒకేసారి తవ్వకూడదు. ఆరడుగులు తవ్వడం, నింపడం, ఆ తర్వాత ఇంకో ఆరడుగులు. డెబ్బై ఏళ్ల గోడ కింద మట్టి ఒక్కసారి వదులైతే బీటలు వస్తాయి. ఎండాకాలంలోనే చేయాలి, వానల్లో వద్దు. రెండు, కంకర అడుగున చిల్లుల గొట్టం వేసి డ్రైనేజీలో కలుపుదాం అంటారు, అది మెరక ఊళ్లలో అద్భుతంగా పనిచేస్తుంది, మీ ఊళ్లో ముందు మట్టం చూసుకోవాలి. బయటి కాలువలో వానాకాలపు నీటిమట్టం మీ గొట్టం కంటే ఎత్తున ఉంటే మీ నీళ్లు బయటికి పోవడం మాట అటుంచి వీధి నీళ్లు మీ పునాదిలోకి వస్తాయి. అనుమానముంటే గొట్టం వద్దు, కంకర మాత్రం చాలు, గోడకు ఆరే చోటు దొరుకుతుంది.

లోపల సిమెంటు ప్లాస్టరింగ్ మొత్తం పోవాలి, తడి గీతకు పైన ఇంకో ఒకటిన్నర అడుగు దాకా. మీ లెక్కన ఐదున్నర అడుగులు. ఉబ్బిన చోట మాత్రమే చెక్కి అతుకులు వేస్తే డబ్బు దండగ, ఇప్పటికే రెండుసార్లు పెట్టారు. ఇటుకల మధ్య సందుల్లో పొడిగా రాలుతున్న సున్నాన్ని అంగుళం లోతు గీకి తీసేయించండి. ఉప్పును పొడి బ్రష్‌తో, మెత్తటి చీపురుతో దులపాలి, తడిగుడ్డతో తుడవకూడదు, నీళ్లతో కడగకూడదు, కడిగితే అదంతా కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. రాలిన పొడిని ఎత్తి దూరంగా పారబోయండి, గోడ వారన ఊడ్చి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కొందరు యాసిడ్ పోసి కడుగుతారు, తెల్లదనం వెంటనే పోతుంది కాబట్టి బాగున్నట్టు ఉంటుంది, కానీ ఆ యాసిడ్ సున్నాన్ని తిని గోడలో ఇంకో రకం ఉప్పును వదిలిపెడుతుంది. దగ్గరకు రానివ్వకండి.

అలా విప్పిన గోడను వదిలేయాలి. ఎన్నాళ్లు? నీళ్ల దారి ఆగాక ఇటుక గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని పనివాళ్ల లెక్క, మీ గోడ పద్దెనిమిది అంగుళాలు. ఏడాదిన్నర! వినగానే నీరసం వస్తుందని తెలుసు. మొత్తం ఏడాదిన్నరా విప్పి ఉంచక్కర్లేదు, సున్నం పూత పూశాక కూడా గోడ ఆరుతూనే ఉంటుంది, దాని గొప్పతనమే అది. ఒక వేసవి మొత్తం విప్పి ఉంచితే చాలు. వారానికోసారి ఉప్పు దులుపుతూ ఉండండి, మొదట్లో గుప్పెళ్లతో వస్తుంది, తర్వాత తగ్గుతుంది.

పూత సంగతి మేస్త్రీతో తెగేసి మాట్లాడుకోవాలి. నానబెట్టిన సున్నం ఒక పాలు, కడిగిన గోదావరి ఇసుక రెండు పాళ్లు, మెత్తగా దంచి జల్లించిన ఇటుక పొడి, అంటే సుర్ఖీ, ఒక పాలు. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి, నెల నానితే ఇంకా మంచిది. సముద్రం దగ్గర ఇసుక, ఉప్పు నీళ్ల బోరు పనికిరావు, ఉప్పు తీయడానికి ఇంత తంటాలు పడి మళ్లీ ఉప్పే పూసినట్టవుతుంది. పొరకు అర అంగుళం మించకుండా రెండు పొరలు, మధ్యలో కనీసం వారం, ఎండ తగలకుండా తడి గోనెపట్టా కట్టి ఉంచాలి. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం తెలిసిన మేస్త్రీ దొరికితే కలపనివ్వండి, తెలియనివాడి చేత ప్రయోగం చేయించకండి. పాత గుళ్ల మరమ్మతులకు వెళ్లే పనివాళ్లు మీ జిల్లాలో ఉంటారు, వాళ్లను వాకబు చేయండి. ఎవరైనా సరే, "గట్టిదనం కోసం ఒక తట్ట సిమెంటు కలుపుతానండి" అంటే వద్దనండి, మీరు లేనప్పుడు కలపకుండా ఇంట్లో ఒకరు దగ్గర ఉండండి. ఇది వాళ్ల మీద అపనమ్మకంతో చెప్పేది కాదు, మీకు మంచి చేస్తున్నామనుకునే కలుపుతారు. సున్నం కలిపే చోటకి పిల్లల్ని రానివ్వకండి, కంట్లో పడితే చూపు మీదికి వస్తుంది. పైన రంగు కూడా సున్నమే, ప్లాస్టిక్ ఎమల్షన్, పుట్టీ జోలికి పోవద్దు.

మరి ఇంజెక్షన్ చేస్తామంటారు, అదేమిటి అని మీరు ఎక్కడో ఒకచోట వింటారు. అది ఈ కోటింగ్ లాంటిది కాదు, పనికొచ్చే పద్ధతే. గోడ అడుగున ఒక వరస పొడుగునా పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రాలు, నాలుగున్నర అంగుళాలకు ఒకటి చొప్పున వేసి, లోపల సైలేన్ క్రీమ్ ఎక్కిస్తారు, అది సున్నంలోకి పాకి నీటిని తోసేసే పొరగా మారుతుంది. లేని డీపీసీని తర్వాత వేసినట్టు. మీ నేలలో నీళ్లు అంత పైనే ఉన్నాయి కాబట్టి బయటి పనులన్నీ చేశాక కూడా గీత దిగకపోతే ఇది చేయించాల్సి రావచ్చు. కానీ బయటి మట్టి దించకుండా చేయిస్తే రంధ్రాల పైన ఉన్న మట్టిలోంచి తడి వస్తూనే ఉంటుంది. వచ్చినవాళ్లను ఒక మాట అడగండి, రంధ్రం ఇటుకలో వేస్తారా, ఇటుకల మధ్య సున్నం వరసలో వేస్తారా అని. సున్నం వరసలో అన్నవాళ్లకు పని తెలుసు. ఎంత ఎత్తులో అంటే బయటి నేలకు ఆరంగుళాలు పైన అనాలి. ఒక వరస ఇటుకలు తీసి కడప రాయి దూర్చే పాత పద్ధతి కూడా ఉంది, మీ ఇంటికి నేను చెప్పను, గోడ మోసే బరువును కొంచెం కొంచెంగా ఎత్తి పట్టుకుని చేయాల్సిన పని అది, చేయి తిరిగినవాళ్లు లేకుండా తలపెట్టకూడదు.

ఇక పెళ్లి. మాఘానికి మూడు నెలలు కూడా లేదు, ఈలోపు గోడ ఆరదు. ఈ తొందరే మీ చేత టైల్స్ వేయిస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు హాల్లో, అమ్మగారి గదిలో సిమెంటు చెక్కించేయండి, నెలన్నర ఉప్పు దులపండి, పెళ్లికి పది రోజుల ముందు బయటపడిన ఇటుక మీదే నేరుగా రెండు మూడు చేతులు సున్నం వేయించండి. కింద జానెడున్నర వెడల్పున జాజు పట్టె కొట్టించండి. ఇటుకల వరసలు సున్నం కింద లీలగా కనబడుతూ చాలా బాగుంటుంది, మన ఇళ్లలో పెళ్లంటే సున్నాలూ జాజూనే కదా, వచ్చినవాళ్లకు అది మరమ్మతు మధ్యలో ఉన్న గోడలా అనిపించదు. అక్కడక్కడ ఉప్పు మళ్లీ పొంగితే పెళ్లి ముందు రోజు పొడి బ్రష్‌తో దులిపి ఇంకో చెయ్యి వేస్తే సరిపోతుంది. పైన మిగిలిన పాత రంగు మీద సున్నం నిలవదు, అక్కడ ఉన్న రంగునే ఉంచి శుభ్రం చేయించండి. డెకరేషన్ వాళ్లు గోడకు ప్లాస్టిక్ షీట్లు అంటిస్తామంటే వద్దనండి, గుడ్డలు కట్టుకుంటే నాలుగంగుళాలు ఎడం ఉంచమనండి.

ఒక్క పని మాత్రం పెళ్లి దాకా కూడా ఆగొద్దు, ఈ వారమే చేయించండి. ఆ తడి గోడల్లో ఉన్న స్విచ్‌బోర్డులు, ప్లగ్ పాయింట్లు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. గీత కింద ఉన్నవాటికి కరెంటు తీసేయించి, పై ఎత్తున కొత్తవి పెట్టించండి, మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, లేకపోతే బిగించండి. తడి గోడకు ఉప్పు తోడైతే కరెంటు పాకుతుంది, పెళ్లింట్లో చిన్నపిల్లలు చెయ్యి పెట్టని చోటు ఉండదు. అమ్మగారి మంచం ఆ గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరపండి, వీలైతే వేసవి పనులు అయ్యేదాకా వేరే గదిలో పడుకోమనండి, చెక్కేటప్పుడు లేచే దుమ్మూ ఆ గోడ బూజూ పెద్దవాళ్ల ఊపిరికి మంచివి కావు. బీరువా కూడా గోడకు ఆనించి ఉంటే జానెడు ఇవతలికి లాగించండి, వెనకేముందో అప్పుడు మీకే కనబడుతుంది.

పెళ్లయ్యాక, కాలువలు కట్టేసిన తర్వాత బయటి పని మొదలుపెట్టి, తొలకరికి ముందే కంకర నింపడం అయిపోయేలా చూసుకోండి. నాకు మళ్లీ రాసేటప్పుడు నాలుగు కొలతలు పంపండి: రోడ్డు మట్టం నుంచి గడప దాకా ఎంత ఎత్తు, గచ్చు పగలగొట్టాక బయటపడిన పునాదిలో రాతి పలక వరస గానీ నల్లటి తారు పొర గానీ ఏమైనా కనబడిందా, ఉంటే నేలకు ఎంత ఎత్తున ఉంది, ఇవాళ్టి పెన్సిల్ గీత ఎక్కడ, కాలువలు కట్టేసిన నెలన్నరకు తడి ఎక్కడుంది. అవి చూస్తే ఇంజెక్షన్ అవసరమా, సున్నం పూతతో సరిపోతుందా చెబుతాను.